మొరం నేల నుంచి నల్ల ఇసుక దాకా

"మీ వైపు గోదారి ఉండదాండీ?"

అడిగినాయన పంటు మీద తాళ్ళు సర్దుతున్నాడు. మా మొహాలకన్నా ముందు మా జీపు చక్రాలు చూశాడు. మడ్‌గార్డు లోపల బెత్తెడు మందాన ఎర్రమట్టి అట్టకట్టి ఉంది. "ఈ మట్టి మా వైపుది కాదే, ఎక్కణ్ణించండీ?" అన్నాడు. జహీరాబాద్ అన్నాం. ఆయనకు తెలియలేదు. హైదరాబాదు దాటి పడమటికి నూరు కిలోమీటర్లు పోవాలి, అటు పక్క కర్ణాటక అని విప్పి చెబితే "ఆయ్" అని తలూపి, ఆ మాట అడిగాడు. గోదావరి లేని ఊళ్ళో మనుషులు ఎలా బతుకుతారో పాపం అన్న జాలి ఆ గొంతులో ఉంది.

ఉందనాలో లేదనాలో నాకు వెంటనే తోచలేదు. ఆ రోజంతా ఆ ప్రశ్నే నా వెంట తిరిగింది.

అసలీ ప్రయాణానికి కారణం బ్రిస్బేన్‌లో ఉంటున్న మా అక్క కొడుకు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో క్గారి అని ఒక దీవి ఉంది. మొన్న మొన్నటిదాకా ఫ్రేజర్ ఐలండ్ అనేవారు, 2023లో అక్కడి బుచుల్లా ఆదివాసుల పేరు దానికి తిరిగి పెట్టారు. 123 కిలోమీటర్ల పొడవున పూర్తిగా ఇసుకతోనే ఏర్పడ్డ దీవి, ప్రపంచంలో అంత పెద్ద ఇసుక దీవి మరొకటి లేదు. బండితో సహా పంటెక్కి దాటాలి. దిగాక తారు రోడ్డు ఉండదు, నాలుగు చక్రాలూ తిరిగే బండి ఉంటేనే కదలగలం. సముద్రపు ఒడ్డే అక్కడ రహదారి, దానికి వేగ పరిమితి కూడా ఉంది. మావాడు అక్కడ దిగిన ఫొటోలన్నీ పంపి, "మామా, మన దగ్గర ఇట్లాంటిది ఉందా?" అని రాశాడు. వాడి ఉద్దేశం లేదనే.

మా ఇంటికి నాలుగు వీధుల అవతల షెడ్డు పెట్టుకున్న మెకానిక్ మిత్రుడికి ఆ ఫొటోలు చూపించాను. అతని దగ్గర ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపుంది. వానాకాలం చెరుకు తోటల్లో దిగబడ్డ బండ్లను లాగడానికి తప్ప దాని రెండో గేరు కర్రకు పెద్దగా పని పడదు. "ఆస్ట్రేలియా ఎందుకన్నా, కోనసీమ దీవి కాదా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. మరికొంత కిందికి వెళ్ళాక వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాలకు ఒక పక్క వశిష్ఠ, ఒక పక్క వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. మూడు వైపులా నీళ్ళే. కొబ్బరి చెట్లు ఎక్కువై మనకు దీవి అనిపించదు, అంతే.

మా ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నంలో సముద్రం దగ్గర ఆగుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ రోడ్డు మీద లారీలను చూస్తున్నాం గానీ ఆ చివరన ఉప్పునీళ్ళున్నాయన్న ఆలోచన ఎవరికీ రాదు. విజయవాడ దాకా అదే రోడ్డు, తరవాత గుడివాడ, భీమవరం, నరసాపురం. మొత్తం ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, నడుములు పట్టేశాయి.

చించినాడ దగ్గర వంతెన ఉంది. అటు తిరిగితే పంటు అక్కర్లేదు. కానీ నరసాపురం పక్కన మాధవాయిపాలెం రేవు నుంచి అవతలి సఖినేటిపల్లికి పంటు మీద వెళ్తే దూరం కలిసొస్తుంది, నది మీద కాసేపు ఉన్నట్టూ ఉంటుంది. పేరుకే ఇప్పుడది చిన్న రేవు. ఒకప్పుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వ్యాపార స్థావరం పెట్టింది. ఇక్కడి నుంచి ఓడలెక్కిన మెత్తటి నూలుబట్టకు ఐరోపాలో మాడపొల్లం అనే పేరు స్థిరపడింది. మాధవాయిపాలెం వాళ్ళ నోట్లో పడి అలా అరిగింది. మల్లుగుడ్డల దుకాణాల్లో పాతకాలం వాళ్ళు ఇప్పటికీ ఆ మాట వాడతారు, అది గోదావరి ఒడ్డున ఒక ఊరి పేరని చాలామందికి తెలియదు.

పంటంటే చదునైన పెద్ద ఇనుప బల్ల అనుకోండి. దాని మీద మోటారు సైకిళ్ళు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, మా జీపు, ఒక పెళ్ళివారి కారు, గొడుగు వేసుకున్న మామ్మగారు. ఇంజను ఒక్కసారి దగ్గి కదిలింది. ఫాల్గుణం కావడంతో నీళ్ళు తేటగా, బరువుగా, ఎటు పోతున్నాయో తెలియనట్టున్నాయి. పోతున్నది కూడా ఎగువకే. సముద్రపు పోటు ఇక్కడి దాకా వస్తుంది. పోటు వేళ నది వెనక్కి నడుస్తుంది. మంజీర తప్ప నది ఎరగని మాకు ఇది మొదటి వింత. మా దగ్గర నీరు ఒక్క వైపే పోతుంది, పోతే తిరిగి రాదు.

"వరదలప్పుడు చూడాలండి," అన్నాడు తాళ్ళ పెద్దాయన. "ఎర్రనీరు దిగుద్ది. అప్పుడు పులస ఎక్కుద్ది." గోదావరి జిల్లాల వాళ్ళకు ఎర్రనీరంటే పండగ, చేప, భయం మూడూ కలిసిన మాట. ఆ ఎరుపు ఎక్కడిదని ఎవరూ అడగరు.

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది పది కిలోమీటర్ల పైచిలుకు. తీర్థం అయిపోయి జనం పలచబడ్డారు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి స్వామివారి కల్యాణమప్పుడు ఇక్కడ ఇసుక వేస్తే రాలదు. ఇప్పుడు గుడి ముందు నాలుగు కొబ్బరికాయల దుకాణాలు, ఎండలో పడుకున్న కుక్క. ఇప్పుడున్న ఆలయాన్ని 1823లో కట్టించింది కోపనాతి కృష్ణమ్మ, అగ్నికుల క్షత్రియులైన పెద్దమనిషి. సముద్రం మీద బతికే కులం వాళ్ళు సముద్రం పక్కన కట్టిన గుడి. నన్ను పట్టి ఆపింది మాత్రం స్థలపురాణం. రక్తవలోచనుడనే రాక్షసుడి నెత్తుటి బొట్లు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టేవారట. నరసింహస్వామి వాణ్ణి చంపినప్పుడు ఆ నెత్తురంతా నేల తాకకుండా రక్తకుల్య అనే ఏరుగా పారించారట. ఎర్రటి ఏరు, లెక్కలేనన్ని ఇసుక రేణువులు. ఈ కథ అల్లినవాళ్ళు ఎవరో గానీ, ఏటా ఆషాఢ శ్రావణాల్లో ఈ ఒడ్డున నిలబడి నీళ్ళ రంగు చూసినవాళ్ళే అయి ఉండాలి.

గుడి దాటి, లైట్‌హౌసు ఎడంగా వదిలి, పల్లెవాళ్ళ ఇళ్ళ మధ్య నుంచి సరుగుడు తోపుల్లోకి దిగాం. తారు ముగిసింది. మిత్రుడు జీపాపి నాలుగు టైర్లలోనూ గాలి సగానికి దించాడు. "ఇసుకల ఇంజను కాదన్నా పనిజేసేది, గాలి," అన్నాడు. గాలి తగ్గితే టైరు చదునుగా పరుచుకుంటుంది, ఒంటె పాదంలాగా. బరువు ఒక్కచోట పడదు. రెండో గేరు కర్ర ముందుకు తోశాడు. సరుగుడు ఆకుల మెత్తటి పరుపు మీద జీపు సణుక్కుంటూ నడిచింది. కొమ్మల్లో గాలి చప్పుడు, దాని వెనక ఇంకో పెద్ద చప్పుడు. చెట్లు అయిపోయేసరికి ఆ రెండోది ఎదురుగా నిలబడింది.

ఒక్క మనిషి లేడు. తూర్పుకు చూస్తే ఇసుక పొగమంచులో కలిసిపోయే దాకా ఇసుకే. పడమటికి దూరంగా నాలుగు పడవలు ఒడ్డున బోర్లా పడుకుని ఉన్నాయి.

మా సంబరం రెండు నిమిషాలు. ఒడ్డు పైభాగంలో పొడి ఇసుక ఉంటుంది కదా, గాలి తెచ్చి పోసినది, పిండిలాగా ఉంటుంది. దాని మీద మలుపు తిప్పబోయాడు. వెనక చక్రాలు రెండూ ఇరుసు దాకా దిగాయి. ఎక్సలేటరు తొక్కేకొద్దీ గొయ్యి లోతయింది. చెరుకు తోటల్లో పది బండ్లు లాగినవాడు ఇసుక దగ్గర ఓడిపోయాడు. చివరికి పల్లె నుంచి ట్రాక్టరు వచ్చింది. పడవలను నీళ్ళలోకి తోయడానికీ బయటికి లాగడానికీ ఇక్కడ ట్రాక్టరే దిక్కు. బానెట్ మీద మహీంద్రా అని చూసి మిత్రుడి మొహం వెలిగింది. ఆ కంపెనీ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఒకటి 2013 నుంచి మా ఊళ్ళో నడుస్తోంది. "మనూర్లనే పుట్టిందేమో అన్నా" అని దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ట్రాక్టరు కుర్రాడికి ఆ బంధుత్వంతో పని లేదు. తాడు కట్టి లాగి, "ఇంకెప్పుడూ పైకి ఎక్కించకండి, దిగబడిపోద్ది. గుడ్లు కూడా ఉంటాయండి" అన్నాడు.

గుడ్లంటే తాబేళ్ళవి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు ఈ తీరమంతా ఎక్కి, మేం బండి తిప్పిన ఆ పొడి ఇసుకలోనే గొయ్యి తీసి నూరు గుడ్ల పైన పెట్టి, పూడ్చి, వెనుదిరిగి చూడకుండా పోతాయి. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలవుతాయి. గుడ్డులోంచి వచ్చేది ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి. వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. అరచేతిలో సగం ఉండే ఆ పిల్లకు మా టైరు చేసిన గాడి ఒక లోయ. అందులో పడితే ఎక్కలేదు, తెల్లారితే కాకులు. ఆస్ట్రేలియాలో ఒడ్డును రహదారి చేసుకున్నారంటే చేసుకోనీ, మనం చెయ్యకూడదని నాకు ఆ క్షణంలోనే అనిపించింది. మా గాడులను ఇద్దరం చేతులతో పూడ్చి, జీపును తోపులో వదిలేసి, చెప్పులు విప్పి నడిచాం. కొంత దూరంలో ఒక పెద్ద తాబేలు చచ్చి ఉంది. మీద గాయం లేదు. వలలో చిక్కి ఊపిరాడక పోయినవి ఇలాగే ఉంటాయి.

నడవడమే మంచిదయింది. జీపులో ఉంటే రావణాసురుడి మీసం కనిపించేది కాదు. అదొక గడ్డి. కొసలు సూదులు, పాదానికి గుచ్చుకుంటే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ఎండిన తల మొత్తం ఊడి, ముళ్ళ బంతిలాగా గాలికి ఒడ్డంట దొర్లుతూ పోతుంది, దొర్లుతూనే విత్తనాలు చల్లుతుంది. దాని పక్కనే బలబండ తీగ, మేక గిట్టలాగా చీలిన ఆకులు, ఊదారంగు పూలు. ఈ రెండూ లేకపోతే ఇక్కడ తిన్నె నిలవదు. గాలి తెచ్చిన ఇసుకను పట్టుకుని, దాని మీదికి ఎక్కి, మళ్ళీ పట్టుకుంటాయి. తడి ఇసుక మీద ఎర్ర పీతలు కళ్ళు కొమ్మలకు తగిలించుకుని నిలబడ్డాయి. పది అడుగులు దగ్గరైతే కన్నాల్లోకి మాయం. ప్రతి కన్నం చుట్టూ గుండ్రటి ఇసుక ఉండలు, ఎవరో తీరిగ్గా కూర్చుని ముగ్గు వేసినట్టు. ఇసుకను నోట పెట్టి అందులో తినదగింది తీసుకుని మిగతాది ఉండ చేసి వదిలేస్తాయి. పోటు రాగానే ముగ్గంతా చెరిగిపోతుంది, పాటుకు మళ్ళీ మొదలు.

ఇప్పుడు ఇసుక సంగతి. నేను బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. జేబులో ఒక పాత స్పీకరు అయస్కాంతం వేసుకుని వెళ్ళాను, దాన్ని ఒక పాలిథిన్ సంచిలో చుట్టి. అల వెనక్కి పోయిన చోట ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది ఆయిలు మరకలనుకుంటారు. కాదు, అవి బరువైన ఖనిజాలు. అల వచ్చి పోయేటప్పుడు తేలికైన తెల్ల రేణువులను తీసుకుపోతుంది, బరువైనవి ఆగిపోతాయి. మన ఆడవాళ్ళు చేటలో బియ్యం చెరగడం ఎలాగో అలాగే, సముద్రం రాత్రీ పగలూ చెరుగుతూనే ఉంటుంది. దోసెడు ఇసుక తీసుకుని చూస్తే మూడు రంగులు. తెల్లగా మెరిసేది పలుగురాయి. గులాబీ రంగుది గార్నెట్, మన పెద్దలు గోమేధికం అనే రాయి కుటుంబానిది అనుకోవచ్చు. అది తూర్పు కనుమల నుంచి, పాపికొండల వైపు నుంచి వచ్చింది. అక్కడి రాతికి ఖోండలైట్ అని ఖోండు గిరిజనుల పేరే పెట్టారు. ఇక నల్లవి. అయస్కాంతం పెట్టగానే ఆ నల్ల రేణువుల్లో కొన్ని లేచి నిలబడి, ముళ్ళపంది వెంట్రుకల్లాగా సంచికి అంటుకున్నాయి.

అది మాగ్నెటైట్. గోదావరి డెల్టాలో ఇది చాలావరకూ దక్కన్ నల్లరాతి నుంచి వస్తుంది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట, డైనోసార్లు అంతరించిన కాలానికి అటూ ఇటూగా, పడమటి భారతమంతా పగిలి లావా పొరలు పొరలుగా పరుచుకుంది. ఆ పరుపు తూర్పు అంచుల్లోనే మా జహీరాబాద్ ఉంది. ఆ నల్లరాయి లక్షల ఏళ్ళు వానకు నాని, అందులో కరిగేదంతా కరిగిపోయి, ఇనుమూ అల్యూమినియమూ మిగిలి తుప్పు పట్టి ఎర్రబడితే అదే మా మొరం. తడిగా ఉన్నప్పుడు గొడ్డలితో కోయవచ్చు, గాలి తగిలితే రాయవుతుంది. పక్కనున్న బీదర్ కోట ఆ రాతితో కట్టిందే. మా అల్లం, మా ఆలుగడ్డ ఆ ఎరుపులోనే ఊరతాయి.

అయితే ఆ మట్టి ఇక్కడికి వచ్చే దారి ఏది? ఉంది. మా ఊరి పక్క నారింజ వాగు సముద్రం వైపు కాకుండా పడమటికి పారుతుంది. కర్ణాటకలోకి పోయి, కారంజా అని పేరు మార్చుకుని, మంజీరలో కలుస్తుంది. మహారాష్ట్రలో బీడు జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర ఆ నీటిని తీసుకుని మళ్ళీ మా వైపే వస్తుంది, సింగూరు దగ్గర ఆగి, ఉత్తరానికి మళ్ళి, నిజాంసాగర్ దాటి, కందకుర్తి దగ్గర గోదావరిలో పడుతుంది. ఇంటి గడప నుంచి పెరటి వైపు వెళ్ళి, ఊరంతా చుట్టి ముందు తలుపు దగ్గరికి వచ్చినట్టు. అక్కడి నుంచి పోచంపాడు, ధవళేశ్వరం, వశిష్ఠ, ఈ ఒడ్డు.

పంటు పెద్దాయనకు చెప్పవలసిన జవాబు ఇదే. మా వైపు గోదావరి ఉందండీ, వాగు పేరుతో. మీ ఎర్రనీళ్ళలో చిటికెడు మాది. మీరు నిలబడ్డ నేలలో కూడా. డెల్టా అంటే ఎగువ ఊళ్ళ మట్టే కదా, వేల వరదలు మోసుకొచ్చి పోసింది.

కానీ అందులో నిజం సగమే. 1931లో నిజాంసాగర్ పూర్తయినప్పుడు అందులో 29 టీఎంసీల పైన నీళ్ళు పట్టేవి. ఇప్పుడు 18 కూడా పట్టవు. తేడా అంతా పూడిక. మా మట్టి, బీదర్ మట్టి, లాతూరు మట్టి ఆ చెరువు అడుగున పడుకుని ఉంది. దాని పైన సింగూరు, గోదావరి మీద జాయక్వాడి, శ్రీరాంసాగర్, చిన్నా పెద్దా ఇంకెన్నో. గోదావరి సముద్రానికి తెచ్చే మట్టి గత శతాబ్దపు చివరి ముప్పై ఏళ్ళలోనే సగానికి మించి తగ్గిపోయింది. కొత్త మట్టి రాకపోతే సముద్రం పాతది తింటుంది. అంతర్వేది దగ్గర మొదళ్ళు తేలి అలల్లో పడిపోయిన సరుగుడు చెట్లు చూశాం. ఉప్పాడలో ఇళ్ళే పోతున్నాయి. నా అయస్కాంతానికి అంటుకున్న రేణువుల్లో మా వైపువి ఏవైనా ఉంటే అవి ఎప్పుడో ఆనకట్టలకు ముందు బయలుదేరినవి. నిజాం కాలం కన్నా ముందువి, కాకతీయులకన్నా ముందువి కూడా కావచ్చు. ఆనకట్టలు కట్టొద్దని నేననను. నిజాంసాగర్ నీళ్ళతో పండిన బియ్యం తిన్నవాణ్ణే. కానీ నీళ్ళు లెక్కపెట్టడానికి మనకు ఇన్ని బోర్డులూ ట్రిబ్యునళ్ళూ ఉన్నాయి, మట్టి వాటా ఎంతో అడిగే డెల్టా రైతు నాకింతవరకూ కనిపించలేదు.

సాయంత్రానికి అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు నడిచాం. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఇసుక మేట. అటు చెల్లెలు గోదావరి, ఇటు అన్న సముద్రుడు అంటారు ఇక్కడివాళ్ళు. వరదల్లో ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం గీత గీసినట్టు కనిపిస్తుందట. మేం వెళ్ళిన కాలానికి రంగులో తేడా లేదు. అలలో ఉంది. ఎడమ చేతి వైపు నీరు చాప పరిచినట్టు పడుకుని ఉంది. కుడి చేతి వైపు లేచి విరుగుతోంది. మధ్యలో మేం, చీలమండ లోతు నీళ్ళలో. రెండు చేతులతో రెండు వైపులా నీళ్ళు తీసి రుచి చూశాను. పోటు వేళ కాబట్టి రెండూ ఉప్పే. మిత్రుడు నవ్వాడు.

మేనల్లుడికి ఫొటో పంపాను. దూరంగా రెండు పడవలు తప్ప అందులో ఏమీ లేదు. "ఇదెక్కడ మామా?" అని అడిగాడు. మనదే అని రాశాను.

ఉప్పు గాలి తగిలిన బండి అడుగు ఆ రోజే కడగాలి, లేకపోతే తుప్పు వదలదు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఆగినప్పుడు టీకొట్టాయన దగ్గర బకెట్టు అడిగి తీసుకున్నాం. మూడు బకెట్లు పట్టాయి. మడ్‌గార్డు లోపలి మొరం నాని, ఊడి, రేవు వాలు మీదుగా సన్నటి ఎర్ర చారలాగా వశిష్ఠలోకి దిగింది. అప్పటికి పాటు మొదలైంది.